మంద విప్పినవాడు

నెపోలియన్ కన్నా గొప్ప సేనాధిపతి మా చౌడేపల్లె పక్కన పుట్టాడు. ఏడేళ్ళ యుద్ధాన్ని ఒక్క తూటా పేల్చకుండా, ఒక్క మాటతో ముగించాడు.

సేనాధిపతి అన్నది కాస్త ఎక్కువైంది. నాయబ్ సుబేదారు, అదీ రిటైరైనవాడు. ఏడేళ్ళు కాదు, మూడేళ్ళ మూడు నెలలు. తూటా పేలకపోవడానికి కారణం రెండు పక్షాల దగ్గరా తుపాకులు లేకపోవడమే. నెపోలియన్ మాట మాత్రం వెనక్కి తీసుకోను. మదనపల్లె కాన్వెంటులో సిస్టర్ ఆగ్నెస్ ఆయన గెలిచిన యుద్ధాలన్నీ మా చేత బెత్తం చూపించి బట్టీ పట్టించింది. అందులో ఒక్కదాన్నయినా ఆయన సరిగ్గా ముగించినట్టు నాకు గుర్తు లేదు. ఒకటి గెలిచేవాడు, ఇంకొకటి మొదలుపెట్టేవాడు. చివరికి దీవిలో ఒంటరిగా పోయాడు. ఆ ఒంటరితనం ఒక్కటే మా సుబేదారు బాలప్పకూ ఆయనకూ పోలిక.

పుంగనూరులో ఒక బ్యాంకులో ఇరవై రెండేళ్ళు ఆఫీసరుగా పనిచేశాను. అక్కడ నాకు రెండు పేర్లు. ఒకటి బల్ల మీది చెక్క మీద ఉండేది. రెండోది కతల సారు. ఈయన చెప్పేదాంట్లో సగం తీసేయండి, మిగిలిన దాంట్లో మళ్ళీ సగం తీసేయండి అని మా క్యాషియరు కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేవాడు. ఈ కథ రాసే ధైర్యం నాకు ఆ రెండో పేరే ఇచ్చింది.

మిలిటరీ పింఛను తీసుకునేవాళ్ళు ప్రతి నవంబరులో బ్యాంకుకు వచ్చి, తాము బతికే ఉన్నామని ఒక కాగితం మీద సంతకం పెట్టి పోవాలి. వాళ్ళు చెప్పేది నిజమేనని దాని కింద సంతకం పెట్టేది నేను. బాలప్ప నాకు అట్లా తెలుసు. పొడుగాటి మనిషి. మీసం నెరిసినా నడుము వంగలేదు. క్యూలో నిలబడితే ఆయన వెనకవాళ్ళు కూడా తెలియకుండానే నిటారుగా నిలబడేవాళ్ళు. ఇరవై నాలుగేళ్ళు సైన్యంలో ఉన్నాడు. ఎనభై ఏడు నుంచి తొంభై దాకా శాంతి సేనతో శ్రీలంకలో. తొంభై ఒకటిలో దిగువపల్లెకు తిరిగి వచ్చి, నాలుగెకరాల్లో బోరు వేసుకుని చెనక్కాయ, అదే వేరుశనగ, పెట్టాడు. భార్య రామలక్ష్మమ్మ. పిల్లలు లేరు.

తొంభై నాలుగు నవంబరులో ఆయన తెచ్చిన ఫోటో పాతదని నేనే వెనక్కి పంపాను. ఫోటో స్టూడియోలో కరెంటు పోయింది. కొత్త ఫోటో చేతికి వచ్చేసరికి చౌడేపల్లె ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. తప్పు నాది గనుక మా ఇంటికి తీసుకుపోయాను. రాగి ముద్ద, ఊరుబిండి పచ్చడి తిని వసారాలో చాప మీద పడుకున్నాడు. ఆయన గురకకు మా ఇంటి పెంకులు మూడు జారి పడ్డాయి. సరే, ఒకటి. అది అంతకుముందే పగిలి ఉంది. తెల్లవారి మొదటి బస్సుకు నేనే ఎక్కించి వచ్చాను.

ఈ రాత్రిని గుర్తుపెట్టుకోండి. కథంతా దీని మీదే నిలబడి ఉంది.

పడుకోబోయే ముందు శ్రీలంక సంగతులు అడిగాను. కాల్పుల గురించి చెబుతాడనుకున్నాను. ఆయన తిరిగి రావడం గురించి చెప్పాడు. వాళ్ళ దళం ఆఖరి ఓడల్లో ఒకదానిలో వచ్చిందట. చెక్‌పోస్టు ఎత్తేసి, ఇసుక మూటలు విప్పేసి, వీధి చివరి దాకా నడిచారట. వెళ్ళేటప్పుడు దండలు వేసిన వీధిలోనే, వచ్చేటప్పుడు ఒక్క కిటికీ తెరుచుకోలేదు. అందరినీ ఎక్కించి, తలలు లెక్కపెట్టి, తాను చివర ఎక్కాడు.

"ముందు పొయ్యేటోనికి మెడల్ ఇస్తారు సారూ. కడాకు వచ్చేటోడు తలుపు మూసొస్తాడు. వాని పేరు ఎవురికీ తెల్దు" అన్నాడు.

నేను ఇంకేదో అడిగే లోపల గురక మొదలైంది.

ఇప్పుడు ఆయన ఊరి సంగతి. గుట్ట కింద దిగువపల్లె. వాళ్ళది సేద్యం: బోర్లు, చెనక్కాయ, టమాటా. గుట్ట మీద ఎగువపల్లె. వాళ్ళవి గొర్రెలు. చెనక్కాయ పీకేశాక ఎగువపల్లెవాళ్ళు గొర్రెలను తోలుకొచ్చి, రాత్రిపూట దిగువపల్లె చేలల్లో మంద కడతారు. నాలుగు పక్కలా గుంజలు పాతి, వల చుట్టి, గొర్రెలను లోపల పెడతారు. తెల్లవారేసరికి నేలకు ఎరువు దక్కుతుంది. చేను గలాయన కాపరులకు కూడు పెట్టి, గింజలు కొలుస్తాడు. ఎగువపల్లె గొర్రె లేకపోతే దిగువపల్లె నేల పండదు. దిగువపల్లె చేను లేకపోతే ఎగువపల్లె గొర్రెకు ఎండాకాలంలో నోట్లోకి ఏమీ రాదు. ఇంతగా ఒకరి మీద ఒకరు ఆధారపడినవాళ్ళు కొట్టుకుంటే ఎట్లా ఉంటుందో అన్నదమ్ములున్న ఎవరికైనా తెలుసు.

బాలప్ప మా వసారాలో గురక పెట్టిన రాత్రి, మంద ఆయన చేలోనే ఉంది. గొర్రెలు ఎగువపల్లె నంజప్పవి. నంజప్పా బాలప్పా చిన్నప్పటి నుంచీ స్నేహితులు. చిన్నప్పుడే బాలప్ప తల్లి జ్వరంతో చనిపోయినప్పుడు, నంజప్ప తల్లి ఆదెమ్మే ఆయనకు అన్నం పెట్టి సాకింది. ఆ రాత్రి మంద వల ఒక పక్క విడిపోయింది. గొర్రెలు గట్టు దాటి గంగులయ్య టమాటా తోటలో పడ్డాయి. ముందు రోజు సాయంత్రమే ఆ తోటకు మందు కొట్టి ఉన్నారు. తెల్లవారేసరికి ఏడు వందల గొర్రెలు చచ్చిపడి ఉన్నాయి.

పద్నాలుగు. కానీ పద్నాలుగు గొర్రెలు వరసగా కాళ్ళు చాచుకుని పడి ఉంటే ఏడు వందల మాదిరే కనిపిస్తాయి.

మొదటి బస్సు దిగి వచ్చిన బాలప్ప, అరుపుల మధ్య నుంచి పోయి వల కట్టిన తాడు చివర పట్టుకుని చూశాడు. గొర్రెల ఉచ్చకు నాని, రాపిడికి పీచు తేలిన పాత తాడు. ఎవరూ విప్పలేదు, అదే తెగిందని చెప్పాడు. రెండు పక్షాలకూ కోపం వచ్చింది. మేత మిగులుతుందని కాపరులే విప్పారని గంగులయ్య. గింజలు కొలవాల్సి వస్తుందని సేద్యగాళ్ళే విప్పించి, మందు కొట్టిన తోటలోకి తోలారని ఎగువపల్లె. ఎవరికీ తాడు అక్కర్లేదు.

అక్కడి నుంచి యుద్ధం. ఎగువపల్లె మందలు కట్టడం మానేసింది. దిగువపల్లె చేలల్లో అడుగు పెట్టనివ్వలేదు. ఎవరో గంగులయ్య బోరులో రాళ్ళు వేశారు. ఎవరో ఎగువపల్లె మేత వామికి నిప్పు పెట్టారు. ఇద్దరి తలలు పగిలాయి, స్టేషన్లో రెండు కేసులు పడ్డాయి. తమ తరఫున నిలబడి నడిపించమని గంగులయ్యే బాలప్ప ఇంటికి వచ్చి అడిగాడు.

ఆయన ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నావని తరువాత నేను అడిగితే, రిటైరై మూడేళ్ళయినా ఎవరూ తనను ఏ పనీ అడగలేదని చెప్పాడు. ఇంతకన్నా నిజాయితీగల జవాబు నేను ఏ సేనాధిపతి నుంచీ వినలేదు. నాకు తెలిసిన సేనాధిపతి ఈయన ఒక్కడే అనుకోండి.

పని మాత్రం బాగా చేశాడు. అదే వచ్చిన చిక్కు. ఆయన లేకపోతే ఆ గొడవ ఒక ఎండాకాలం రగిలి, ఆకలేసి ఆగిపోయేది. ఆయన దానికి క్రమశిక్షణ నేర్పాడు. వంతులు వేశాడు, ఈలలు కొనిచ్చాడు. ఎగువపల్లె నుంచి పుంగనూరు రోడ్డుకు పోయే బాట మీద, దిగువపల్లె మొదట్లో వెదురు బొంగు అడ్డం పెట్టి, ఇద్దరిద్దరు కాపలా ఉండేట్టు చేశాడు. తాగి వస్తే కాపలా లేదు. బూతులు మాట్లాడకూడదు. ఆడవాళ్ళ జోలికి పోకూడదు. తన మాట లేకుండా ఎవరూ చెయ్యెత్తకూడదు. తలలు పగలడం నిలిచిపోయింది. కానీ అంత నీటుగా సాగే యుద్ధాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. మూడేళ్ళు నడిచింది. దిగువపల్లెలో చెనక్కాయ పంట సగానికి పడింది. ఎగువపల్లె గొర్రెల ఎముకలు దూరం నుంచే కనిపించేవి.

తొంభై ఏడు డిసెంబరులో ఒక మధ్యాహ్నం ఆదెమ్మకు గుండెలో నొప్పి వచ్చింది. నంజప్ప ఆమెను మంచం మీద పెట్టి, నలుగురితో మోయించుకుని బాట దిగాడు. బొంగు దగ్గర కాపలా ఉన్నది మునెప్ప, గంగులయ్య తమ్ముడు. మంచి మనిషే. మంచంలో ఎవరున్నారో చూశాడు కూడా. కానీ బొంగు ఎత్తలేదు. బాలప్పను అడిగి రమ్మని రెండోవాణ్ణి ఉరికించాడు. బాలప్ప ఆ పూట మదనపల్లె మార్కెట్లో ఉన్నాడు. నంజప్ప ఇంక నిలబడలేక మంచాన్ని గుట్ట చుట్టూ తిప్పాడు. నాలుగు మైళ్ళు ఎక్కువ. ఆదెమ్మ రోడ్డు చేరలేదు.

సాయంత్రం బస్సు దిగిన బాలప్పకు సంగతి తెలిసింది. మునెప్పను యాల ఆపినావని అడిగాడు.

"నువ్వే గదన్నా సెప్పింది. మనిషైనా గొర్రైనా ఒకటే, నీ మాట లేకుండా ఎవుర్నీ దాటనీయద్దని" అన్నాడు మునెప్ప. మెచ్చుకుంటాడనుకున్నాడు పాపం.

బాలప్ప ఆ బొంగును పీకి పక్కన పడేశాడు. మరుసటి పొద్దుకు ఎవరో మళ్ళీ పెట్టారు. మూడు సార్లు పీకాడు, మూడు సార్లు పెట్టారు. యుద్ధం అప్పటికి ఆయనది కాదు. రాజీ మాట ఎత్తితే, ఇంత నష్టపోయి ఉత్తచేతులతో ఇంటికి పోవాలా అని దిగువపల్లె అడిగింది. మా గొర్రెలకూ మా అవ్వకూ జవాబెవరు అని ఎగువపల్లె అడిగింది. రెండు నెలలు ఆయన ఇంట్లో నుంచి బయటికి రాలేదు.

తొంభై ఎనిమిది ఫిబ్రవరిలో పాల కేంద్రం ముందర రెండు పల్లెలనూ కూడేసి, మంద తానే విప్పానని చెప్పాడు.

గంగులయ్య బోరు పక్కనే వేయడంతో తన బోరు ఎండిపోయిందని, ఆ కసితో ఆ రాత్రి పుంగనూరు నుంచి లారీలో వచ్చి, గొర్రెలు గంగులయ్య తోట తినిపోవాలని వల విప్పి, మళ్ళీ రోడ్డుకు పోయి పొద్దున్నే బస్సు దిగినట్టు నటించానని చెప్పాడు. తోటకు మందు కొట్టిన సంగతి తనకు తెలియదన్నాడు. తాడు తెగిందని ఆ పొద్దు ఎందుకు చెప్పాడో అందరికీ ఒక్కసారిగా అర్థమైపోయింది. అబద్ధంలో ఒక్క కన్నం లేదు. ఈ విద్యలో యాభై ఏళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, చెబుతున్నాను.

ఒక్క మనిషి రెండు పక్షాలకూ అన్యాయం చేసినవాడయ్యాడు. గంగులయ్య తోట పోయిందీ ఆయన వల్లే, నంజప్ప గొర్రెలు పోయిందీ ఆయన వల్లే. మూడేళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు, ఆ పూట ఒకే వైపు నిలబడి ఒకే మనిషిని తిట్టారు. తిట్టి తిట్టి అలిసిపోయి, కలిసి టీ తాగారు. వారం లోపల గంగులయ్య చేలో మంద కట్టారు.

ఆ పల్లెల్లో ఒక కట్టుబాటు ఉంది. మంద విప్పినవాడు, మంద కట్టే పొలిమేరలో పొద్దు వాలిన తరువాత ఉండకూడదు. పగలు రావచ్చు, పోవచ్చు. నిద్ర మాత్రం చేయకూడదు. బతికి ఉన్నంత కాలం. దాంతోపాటు ఇంకొకటి కలిపారు. ఏటా మొదటి మంద బాలప్ప చేలోనే కట్టాలి, కాపరులకు ఆ ఇంటి నుంచే కూడు పెట్టాలి. అంటే రామలక్ష్మమ్మ ఊళ్ళోనే ఉండాలి.

ఆ తీర్పు చెప్పిన మర్నాడు ఇనుప ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని బ్యాంకుకు వచ్చాడు. పెట్టె మీద తెల్ల పెయింటుతో ఆయన పేరు, నంబరు. కుప్పంలో గ్రానైట్ రాళ్ళ యార్డులో వాచ్‌మన్ పని దొరికిందట. జరిగిందంతా చెప్పి, ఆ రాత్రి మీ వసారాలో ఉన్న సంగతి మరిచిపోండి సారూ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. చేయని తప్పుకు ఇదేం శిక్షని అడిగాను. పెట్టె తాళం చెవి తిప్పుతూ జవాబిచ్చాడు.

"నేను సేసిన తప్పుకు మా పల్లెల్లో శిక్ష లేదు సారూ. శిక్ష ఉండే తప్పును ఒప్పుకున్నా."

నేను చెప్పినా ఎవరూ నమ్మరులే అన్నాను. అందుకే మీ ఇంట్లో పండుకున్నది మేలైంది అని మొదటిసారి నవ్వాడు. నేను నవ్వలేదు. ఎవరికీ చెప్పనని మాట మాత్రం ఇచ్చాను.

కుప్పంలో ఎనిమిదేళ్ళు. నేను ఒకసారి పోయి చూశాను. బస్సంతేసి రాళ్ళు, ఒక్కొక్కదాని మీద పెయింటుతో నంబరు. వాటి మధ్యన రేకుల గది, నులక మంచం, రేడియో. పగలు తమిళమో కన్నడమో మాట్లాడే లారీవాళ్ళు వచ్చి పోయేవాళ్ళు. సాయంత్రం గేటు మూశాక ఆయన యార్డంతా తిరిగి రాళ్ళను లెక్కపెట్టేవాడు. ఏనుగులు కూడా కదిలించలేని రాళ్ళను ఎవరు ఎత్తుకుపోతారని అడిగాను. అలవాటు అన్నాడు.

నెలకొకసారి పింఛను రోజున పుంగనూరు వచ్చేవాడు. అదే రోజు రామలక్ష్మమ్మ చౌడేపల్లె బస్సులో వచ్చేది. బస్టాండు సిమెంటు బెంచీ మీద, పదకొండు నుంచి మూడు దాకా కూర్చునేవాళ్ళు. ఆమె టిఫిన్ క్యారియర్ విప్పేది. మూడు గంటలకు ఆమెను బస్సెక్కించి, అది మలుపు తిరిగే దాకా నిలబడి, కుప్పం బస్సు వచ్చే పక్కకు పోయేవాడు. బెంచీ మీద ఆయన ఆ చివర ఉండేవాడు, ఆమె ఈ చివర. మధ్యలో క్యారియర్.

రెండు వేల ఆరు జులైలో రామలక్ష్మమ్మ రాలేదు. ఆగస్టులోనూ రాలేదు. సెప్టెంబరులో ఆమెకు బదులు నంజప్ప నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చాడు. ముసలివాడైపోయాడు. రామలక్ష్మమ్మ పాకలో జారి పడిందని, మోకాలు కదపలేక మంచంలో ఉందని చెప్పాడు. ఎగువపల్లె ఆడవాళ్ళే వంతులవారీగా చూసుకుంటున్నారట. బాలప్ప వారానికొకసారి వస్తాడు. కుప్పం నుంచి చేరేసరికి మధ్యాహ్నం, మూడింటికి మళ్ళీ పోవాలి. మొన్న జ్వరంలో ఆమె నంజప్ప చెయ్యి పట్టుకుని, ఆ రాత్రి ఆయన పుంగనూరులో బ్యాంకు సారింట్లో ఉండె కదరా అని ఏడ్చిందట.

"నిజమేనా సారూ?" అన్నాడు నంజప్ప.

జీవితంలో అంత సులువైన ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అంత కష్టమైనదీ అడగలేదు. బాలప్పకు ఇచ్చిన మాట ఒక పక్క, మంచంలో ఉన్న మనిషి ఒక పక్క. కుప్పం పోదాం పద, ఆయన ముందరే చెబుతాను అన్నాను.

పలమనేరు, వి.కోట మీదుగా పోయాం. దారి పొడుగునా నంజప్ప ఒక్క మాటే చెప్పాడు. పెద్దలతో తాను మాట్లాడగలడు, కట్టుబాటు ఎత్తించగలడు. బాలప్ప తాను విప్పలేదని ఒక్కసారి అంటే చాలు.

బాలప్ప మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. స్టవ్వు వెలిగించి టీ పెట్టాడు. మూడు గ్లాసులు లేవు, తాను మూతలో పోసుకున్నాడు. నంజప్ప పంచె కొంగు ముడి విప్పి, జానెడు తాడు ముక్క తీసి మంచం మీద పెట్టాడు. పన్నెండేళ్ళుగా దాచి ఉంచాడు. చివర పీచు తేలి ఉంది.

"బాలా, గొర్రెలు కాసేటోణ్ణి నేను. ఇప్పిన తాడుకూ తెగిన తాడుకూ తేడా తెల్దా నాకు? ఆ పొద్దే తెలిసె. నా మందకు నేను పాత తాడు కట్టినానని సెప్పుకోలేక గమ్మునుంటి. మాయమ్మ పోయినాక నీ మీద కోపంతో గమ్మునుంటి. ఇంక సాలు. ఇంటికి రా రా."

బాలప్ప తాడును చేతిలోకి తీసుకుని పీచును వేలితో తడిమాడు. మీ పల్లెల్లో ఇప్పుడెట్లుండాది అని అడిగాడు. బాగానే ఉండాదని నంజప్ప చెప్పాడు. రెండు పల్లెల పిల్లలూ ఒకే ఆటోలో బడికి పోతున్నారు. గంగులయ్య మనవరాలికి పేరు పెట్టిన రోజు ఎగువపల్లె అంతా భోజనానికి వచ్చింది. మంద ఎవరు విప్పారని ఎవరూ మాట్లాడుకోరా అని బాలప్ప అడిగాడు. యాల మాట్లాడతారు, నువ్వే అని అందరికీ తెలుసు కదా అన్నాడు నంజప్ప. అనేసి, తానేం అన్నాడో తెలిసి తల దించుకున్నాడు.

నాకు ఇంక ఆగలేదు. ఆ రాత్రి ఈయన మా వసారాలో ఉన్నాడు, ముద్ద తిన్నాడు, గురక పెట్టాడు, పెంకు కూడా జారిందని మొత్తం చెప్పేశాను. నా బతుకులో ఒక్క ముక్క కలపకుండా చెప్పిన కథ అదొక్కటే.

బాలప్ప నింపాదిగా విన్నాడు. గూట్లో నుంచి మోకాళ్ళకు రాసే తైలం సీసా తీసి, కాగితం చుట్టి నంజప్ప చేతిలో పెట్టాడు. దాన్ని రామలక్ష్మమ్మకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రాయమని చెప్పాడు. తాడు ముక్కను తన చొక్కా జేబులో వేసుకున్నాడు. గేటు దాకా మాతో నడిచాడు. అక్కడ ఆగి, నంజప్ప భుజం మీద చెయ్యి వేసి, నా వైపు చూడకుండా అన్నాడు.

"సారు కతలు బాగా సెప్తాడు నంజా, పుంగనూరులో ఎవుర్నైనా అడుగు. నేను ఆయన ఇంట్లో ఏ పొద్దూ పండుకోలేదు. మంద నేనే ఇప్పినా."